అత్త కాళ్ళూ, అత్త మొగమూ

మొదట నా తప్పు చెప్పేస్తా, మిగతావాళ్ళ మీద కోపం తర్వాత చూపించుకుంటా. మా అత్త మొగాన్ని తీసేసేదానికి ఒప్పుకున్నది నేనే. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. ఏసీ గదిలో కూర్చోని, కాఫీ తాగతా, "సరే, అట్లే చేసేద్దాం" అని తల ఊపినా. ఆ తల ఊపింది గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తాది.

నేనుండేది కోయంబత్తూరులో, ఆర్.ఎస్. పురం వెనక వీధిలో ఒక మేడగది. కూటికి పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేస్తా, కంపెనీల ఫంక్షన్లకు ఎల్.ఇ.డి. గోడల మీద బొమ్మలు ఆడిస్తా. కూటికి కానిది ఇంకొకటి ఉండాది. పొట్టి సినిమాలు తీస్తా. దాంతో పాటు, మనిషి కదిలితే ఆ కదలికను కెమెరాతో పట్టి, కంప్యూటర్లో వెలుగుబొమ్మగా మార్చి, అప్పటికప్పుడే తెర మీద ఆడించే ప్రదర్శనలు చేస్తా. మా అమ్మ దీన్నంతా కలిపి "లైటు పని" అంటాది. పెళ్ళిచూపులకు వచ్చినోళ్ళకు కూడా అట్లే చెప్పింది. వాళ్ళు నన్ను ఎలక్ట్రీషియన్ అనుకోని లేచిపోయినారు. పీడ పోయింది.

ఊరేమో తిరుమంగళం దాటి లోపలికి పోవాల. నల్లరేగడి. పత్తి, మిరప, మక్కజొన్న. మావాళ్ళు ఎన్నో తరాల కింద వచ్చి ఆ మట్టిలో దిగబడినోళ్ళు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కొట్లాటలో రెండూ. ఆంధ్రా నుంచి వచ్చినోళ్ళు మా తెలుగు విని నవ్వుతారు. తెలుగు అక్షరాలు నేను ముప్పై దాటినాక ఫోన్లో చూసి నేర్చుకున్నా. ఈ రాతలో తప్పులుంటే మీరూ నవ్వుకోండి, నాదేం పోయింది.

మా నాయన దేవరాట వాద్దియారు, అంటే ఆ ఆట నేర్పే గురువు. దేవరాట మా కులదేవర ముందర ఆడే ఆట. దానికి పాట ఉండదు, కథ ఉండదు. దుందుభి అని ఒక డప్పు, కాళ్ళకు గజ్జెలు, రెండు చేతుల్లో రెండు తెల్లగుడ్డలు, అంతే. మగవాళ్ళు వరసగా నిలబడతారు. ముందర వాద్దియారు ఏ అడుగు వేస్తే వెనకోళ్ళు అదే వెయ్యాల. పెళ్ళికి ఆడతారు, ఆడపిల్ల పెద్దమనిషైనా ఆడతారు. నాకూ ఆడినారు. నేను పచ్చాకు గుడిసెలో ముడుచుకోని కూర్చోని డప్పు విన్నా. నా కోసం ఆడిన ఆటను ఊరంతా చూసింది, నేను తప్ప. "ఆడదానికి చూసేదానికి ఏముండాది దాంట్లో" అన్నారు. మరి ఆడది ఆడితే ఏమవుతాది అని అడిగే బుద్ధి అప్పుడు నాకు పుట్టలేదు.

అత్త మా నాయనకు అక్క. డెబ్భై దగ్గర పడింది. మనిషి సన్నం, నోరు పెద్దది. ఆ ఊళ్ళోనే ఇచ్చినారు, ఆ చేలల్లోనే వంగి వంగి మోకాళ్ళు అరగదీసుకుంది. రెండేళ్ళ కింద పత్తి తీసే కాలంలో ఆమె చేతుల మీద ఒక పొట్టి సినిమా తీద్దామని కెమెరా ఎత్తుకోని పోయినా. చేతుల ముడతలు, గోళ్ళ సందుల్లో మట్టి, కాయ నుంచి పత్తి ఊడొచ్చే చప్పుడు. ఇట్లాంటివి సినిమా పండగల్లో బాగా నడుస్తాయి. ఇప్పుడు చెప్పేదానికి సిగ్గుగా ఉండాది, కానీ నా లెక్క అదే.

పత్తికొట్టంలో ఒక గంట సేపు ఆమె చేతులు తీసినా. ఆమెకు విసుగు పుట్టింది.

"ఎంత సేపే ఈ చేతులు? చేతులు లేనోళ్ళు యాడన్నా ఉండారా? తీస్తే నా కాళ్ళు తీయి" అనింది.

"కాళ్ళల్లో ఏముండాది అత్తా?"

ఆమె చీర కుచ్చిళ్ళు ఎగజెక్కుకోని, తల మీది తువ్వాల రెండుగా చించి, రెండు చేతుల్లో పట్టుకుంది. నోటితోనే డప్పు కొట్టుకుంటా అడుగు వేసింది. నేను కెమెరా కింద పెట్టేసినా. మా నాయన ఆడేది చిన్నప్పటి నుంచి చూసినదాన్ని. ఆయన ఆడితే బాగుంటాది. ఈమె ఆడితే, అమ్మా, ఆ అడుగుకు అర్థం ఇదా అని తెలిసింది. 

ఎట్లొచ్చింది అని అడిగితే నవ్వతా చెప్పింది. తాత వాకిట్లో మా నాయనకు నేర్పతా ఉంటే ఈమె లోపల పిండి రుబ్బతా తలుపు సందులోంచి చూసేది. నాయనకు తొందరగా పట్టుబడేది కాదు. తాత చేతిలో దెబ్బలు తిని ఏడ్చుకుంటా వచ్చేవాడు. అప్పుడు మధ్యాహ్నం పూట, పెద్దోళ్ళు కునుకు తీసేటప్పుడు, ఇదే పత్తికొట్టంలో తలుపేసుకోని ఈమె తమ్ముడికి అడుగులు చెప్పిచ్చేది. మరుసటి రోజు వాడు వాకిట్లో ఆడితే తాత "నా కొడుకు" అని మీసం దువ్వేవాడు.

"తాతకు తెలుసా అత్తా?"

"తెలియకేమి. తెలిసి తెలీనట్లు ఉండేదే కదే మగోళ్ళ తెలివి."

"నాయనకు అన్నీ నేర్పేసినావా?"

"తాతకు ఇరవై ఒక్క అడుగు వచ్చు. వాడికి పద్దెనిమిది నేర్పినా. మిగతా మూడు నేర్పే లోపల నాకు పెళ్ళి చేసిరి. ఆ మూడూ ఇదిగో, ఈ మోకాళ్ళల్లో ఉండాయి. మోకాళ్ళేమో నా మాట వినేది మానేసినాయి."

అంటే ఈ భూమ్మీద ఆ మూడు అడుగులు ఒక్క మనిషి కాళ్ళల్లో మిగిలినాయి. ఆ మనిషి పేరు ఎవరికీ తెలీదు. చేతుల సినిమాను ఆ రోజే చెత్తబుట్టలో వేసినా.

కోయంబత్తూరులో పొట్టి సినిమాలకూ, ఇట్లా కంప్యూటర్ పెట్టి ఆడే ప్రదర్శనలకూ ఒక పండగ జరపతా ఉండారని తెలిసి అప్లికేషన్ పెట్టినా. ఎన్నుకున్నారు. అత్త వేదిక మీద ఆడతాది, కెమెరా ఆమె కీళ్ళను ముగ్గు చుక్కల మాదిరి పట్టుకోని తెర మీద నిలువెత్తు వెలుగుబొమ్మ చేస్తాది, ఆ బొమ్మ ఆమెతో పాటు ఆడతాది. ఇదీ నేను రాసిచ్చింది. ఇదే జరిగి ఉంటే ఈ కథ రాసే పని నాకు ఉండేది కాదు.

నాయనకు తెలిసింది. ఊళ్ళో తుమ్మితే తిరుమంగళం సంతలో వినపడతాది, ఇది వినపడదా! మొదటి బస్సుకే వచ్చినాడు. మేడమెట్లు ఎక్కి, నీళ్ళు కూడా తాగకుండా, "దేవర ఆట అది. అక్క ఆడిందని నాలుగు ఊళ్ళకు తెలిస్తే రేపు నేను గుడ్డ పట్టుకోని వరసకు ముందర ఎట్ల నిలబడేది?" అన్నాడు.

"నిలబడేదానికి ఏమొచ్చింది నాయనా? ఆమె నేర్పిందే కదా నువ్వు ఆడేది."

ఆయన మొగం మాడిపోయింది. ఆ సంగతి నాకు తెలుసునని ఆయనకు తెలీదు. "ఆ మాట ఇంకెవరి కాడన్నా అన్నావంటే నన్ను నాయనా అని పిలవబాక" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. దాంతో పాటు ఆయన మీద జాలి కూడా వచ్చింది, అదే నా కొంప ముంచింది. మరుసటి రోజు పండగ జరిపే మేడం కాడ పోయి గొడవ వస్తాదేమో అని చెప్పినా. ఆమె నేత చీర కట్టుకోని, మెత్తగా తమిళంలో నాకొక దారి చూపించింది. మనిషిని తెర వెనక దాచేద్దాం, బొమ్మను మాత్రం చూపిద్దాం, బొమ్మకు మొగం వద్దు, ఆడో మగో తెలియకుంటే ఇంకా అందంగా ఉంటాది, అది అందరి బొమ్మ అవుతాది అనింది. అందరి బొమ్మ! చెవికి ఎంత ఇంపుగా ఉండాదో చూడండి. నాయనకు ఫోన్ చేసినా. "మొగం లేకుంటే సరి. ఎవరని అడిగితే ఎవరో అని చెప్పు" అన్నాడు. దుందుభి వాయించే ముసలాయన్ను, ఊరంతా మామ అని పిలిచే మనిషిని, కూడా తానే పిలుచుకోని వస్తానన్నాడు. మేడంకు సంతోషం, నాయనకు సంతోషం, నాకు వేదిక దొరికింది. అత్తను అడగలా. ఇంకోసారి రాస్తా ఉండా చూడండి, అత్తను అడగలా.

ప్రదర్శనకు రెండు రోజుల ముందర ఆమెను పిలుచుకోని వచ్చి పండగ జరిగే హాల్లో ఒకసారి ఆడించి చూసినా. కెమెరాతో ఒక తంటా ఉండాది. చీర కట్టుకుంటే దానికి కాళ్ళు కనపడవు. కుచ్చిళ్ళను చూసి ఇది కాలా, గోనెసంచా అని తికమక పడతాది. అందుకని నా నల్ల లెగ్గింగ్స్ ఇచ్చినా. అత్త వాటిని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకోని, "ఏందే ఇది, బట్టనా తోలా?" అనింది. వేసుకున్నాక అద్దంలో చూసుకోని పడీ పడీ నవ్వింది. "మా ఇంటాయన చూస్తే కొంగ అనుకోని తరిమేస్తాడు" అనింది.

తెర వెనక ఆమె ఆడింది. తెర మీద నీలంగా, నున్నగా, మొగం లేని ఒక పొడుగాటి బొమ్మ ఆడింది. హాల్లో పనిచేసే పిల్లకాయలందరూ "సూపర్ అక్కా" అన్నారు. ఆటైపోయినాక అత్తకు రికార్డింగ్ చూపించినా.

"ఇది ఎవురే?"

"నువ్వే అత్తా."

"నేనా?" బాగా దగ్గరికి పోయి చూసింది. "నా మొగం యాడ?"

చెప్పినా. మేడం చెప్పింది, నాయన చెప్పింది, గొడవ లేకుండా ఉంటాదని నేననుకున్నది, అంతా. ఆమె చేతిలోని గుడ్డలు మడత పెట్టుకుంటా విన్నది.

"కాళ్ళు నావి కావాల, మొగం నాది వద్దు. పత్తికొట్టంలో కూడా ఇంతే కదే అమ్మీ. అప్పుడు వాళ్ళు తలుపేసిరి, ఇప్పుడు నువ్వు లైటేసినావు."

 అయినా సిగ్గు లేకుండా, "ఈ ఒక్క తడవకు అత్తా, నాకిది మొదటి పెద్ద వేదిక" అని బతిమాలినా. ఆమె నా తల నిమిరి "సరి, నీ ఇష్టం" అనింది. మా ఇంట్లో ఆడోళ్ళు "నీ ఇష్టం" అంటే దానికి అర్థం ఏమిటో పుట్టినప్పటి నుంచి తెలిసినదాన్ని. ఆ రోజు తెలీనట్లు ఉండిపోయినా. మగోళ్ళ తెలివి నాకూ అంటుకుంది.

ఆట మధ్యాహ్నం మూడు గంటలకు. హాలు నిండింది. మొదటి వరసలో నాయన, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, తెల్ల పంచె. ఎవరో ఆయన్ను మేడంకు "వాద్దియారు" అని పరిచయం చేసినారు, ఆమె చేతులు జోడించింది. మామ దుందుభి ముందర పెట్టుకోని వేదిక మీద ఒక మూల కూర్చున్నాడు. నేను ఇంకొక మూల లాప్‌టాప్‌తో. అత్త తెర వెనక, నల్లగుడ్డ అవతల.

ఆమెను చూసేదానికి పోయి అదిరిపడినా. ముదురాకుపచ్చ చీర కట్టుకోని, కలుపు తీసేదానికి పోయినట్లు కుచ్చిళ్ళు ఎగజెక్కి నిలబడి ఉండాది.

"అత్తా, లెగ్గింగ్స్ యాడ?"

"నీ గదిలోనే పెట్టి వచ్చినా."

"కెమెరాకు నీ కాళ్ళు కనపడవు!"

"దానికి కనపడకుంటే పోనీ. దాని కోసమా నేను ఆడేది?"

ఇంకేం చెప్పేదానికీ పొద్దు లేదు. లైట్లు ఆర్పేసినారు, దుందుభి మొదలైంది. తెర మీద బొమ్మ వచ్చింది. నడుం వరకే వచ్చింది. నడుం కింద ఏమీ లేదు, గాల్లో వేలాడతా చేతులు మాత్రం ఊపతా ఉండాది. జనం అదేదో గొప్ప ఆలోచన అనుకోని చప్పట్లు కొట్టినారు. అడుగులే ఆట అయిన ఆటకు అడుగులు లేవు, వీళ్ళు చప్పట్లు! నాకు ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

"ఏమే, కనిపిస్తా ఉండానా?" అని గుడ్డ వెనక నుంచి అత్త అడిగింది.

"కాళ్ళు రాలేదు అత్తా."

"అయితే ఉండు, నేనే వస్తా."

నల్లగుడ్డ పైకెత్తి వంగి ఇవతలికి వచ్చేసింది. కెమెరాకు మనిషి తప్పిపోయింది, తెర మీద బొమ్మ చుక్కలు చుక్కలుగా రాలిపోయింది. నా చెవిలోని హెడ్‌సెట్‌లో మేడం గొంతు, "బ్యాకప్ వేయి, మొన్నటి రికార్డింగ్ వేయి, ఆమెను లోపలికి పంపు" అని అరస్తా ఉండాది. రికార్డింగ్ నా వేలి కిందే ఉండాది. ఒక్క బటన్ నొక్కితే మొగం లేని ఆ నున్నటి బొమ్మ వచ్చి ఆడేస్తాది, అందరికీ మంచిది. నేను హెడ్‌సెట్ తీసి కింద పెట్టినా. బొమ్మల ప్రోగ్రాం మూసేసి ప్రొజెక్టర్‌ను ఉత్త తెల్లలైటుగా మార్చి అత్త మొగం మీదికి తిప్పినా. పదేళ్ళు ఈ లైటు పని చేసినా, ఇంతకంటే మంచి పని చెయ్యలేదు.

నాయన లేచి నిలబడినాడు. చెయ్యెత్తి మామ వైపు చూసి, "ఆపు మామా" అన్నాడు. అందరికీ వినపడింది.

మా ఆటలో ఒక కట్టుబాటు ఉండాది. దుందుభి వాయించేవాడు ముందర నిలబడి ఆడే వాద్దియారు చేతిలోని గుడ్డనే చూడాల. ఆ గుడ్డ కిందికి దించితేనే డప్పు ఆగాల. ఊరి పెద్ద చెప్పినా, పోలీసోడు చెప్పినా ఆపకూడదు. మామ మా నాయనకు నలభై ఏండ్లుగా వాయిస్తా ఉండే మనిషి. ఆయన మా నాయన వైపు ఒకసారి చూసినాడు. తర్వాత తల తిప్పి అత్త చేతిలోని గుడ్డ చూసినాడు. వాయిస్తానే ఉండినాడు.

మా నాయన చెయ్యి గాల్లో అట్లే నిలబడి, మెల్లగా దిగింది.

అత్త ఎవరినీ చూడలేదు. పద్దెనిమిది అడుగులూ వేసింది. తర్వాత ఆ మూడు మొదలుపెట్టింది. మొదటిది వెనక్కి పోయే అడుగు, మడమతో నేల తాకి గిర్రున తిరిగేది. రెండోది కూర్చోని లేచేది. లేచేటప్పుడు కుడి మోకాలు మడత పడింది, హాలంతా "అయ్యో" అనింది, నేను లేచి ఉరకబోయినా. ఆమె ఎడమకాలి మీద ఊగి నిలదొక్కుకోని, అదే అడుగును మొదటి నుంచి మళ్ళీ వేసింది. సరిగ్గా వచ్చిందాకా వదల్లేదు. మూడోది నేను చెప్పను, చూడాల్సిందే. అదైనాక, ఆమెకు తృప్తైనాక, గుడ్డ దించింది. డప్పు ఆగింది.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టినారు. మేడం అంతా తాను అనుకున్నట్లే జరిగినట్లు నవ్వు పులుముకోని మైకు పట్టుకోని వేదిక ఎక్కింది. నాయనను కూడా పైకి పిలిచింది. ఆయన కాళ్ళు ఈడ్చుకుంటా వచ్చినాడు. "ఈ వయసులో ఈమెను ఇంత బాగా తయారుచేసిన గురువు మీరే కదా సార్, ఎన్నేళ్ళు నేర్పించినారు?" అని తమిళంలో అడిగి మైకు ఆయన చేతికి ఇచ్చింది.

నాయన మైకు పట్టుకోని నిలబడినాడు.  ఒక అబద్ధం చాలు ఆయనకు, నలభై ఏండ్ల పేరు నిలబడతాది. ఆయన గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ సవరించుకున్నాడు.

అత్త తెల్లగుడ్డతో మొగం తుడుచుకోని, తమ్ముడి చేతిలోని మైకు లాక్కుంది. మా ఇంటి తెలుగులోనే, రొప్పతా, అందరికీ చెప్పింది.

"వాడు నాకు నేర్పలేదు. వాడికి నేర్పింది నేను. చెప్పుకునేదానికి వాడికి సిగ్గు. నాకేం సిగ్గు లేదు."

తెలుగు తెలిసినోళ్ళు ఆ హాల్లో చాలామందే ఉండారని అప్పుడు వచ్చిన ఈలల్లో తెలిసింది. ఆమె నాయన వైపు తిరిగి, "ఏమిరా?" అనింది.

నాయన తల వంచుకోని, "ఔనక్కా" అన్నాడు.

ఆ మాట మొదటి రెండు వరసలకే వినపడి ఉంటాది. అత్త మైకు తీసుకోనిపోయి ఆయన నోటి కాడ పెట్టి, "వెనకోళ్ళకు వినపళ్ళేదు, ఇంకోసారి చెప్పు" అనింది.